పరిణామశాస్త్రంలో ఫిట్‌నెస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిట్‌నెస్ అంటే క్లుప్తంగా ఏమిటి?

ఒక జీవి గానీ, ఒక జన్యురూపం (జీవిలోని జన్యువుల కూర్పు) గానీ రాబోయే తరాల్లో ఎంత వాటా దక్కించుకుంటుందో చెప్పే లెక్క. బతకడం అందులో ఒక భాగమే, సంతానాన్ని వదలడం రెండో భాగం. నలభై ఏళ్లు బతికి ఒక్క గుడ్డూ పెట్టని తాబేలు ఫిట్‌నెస్ సున్నా. పదిహేనేళ్లకే చనిపోయినా ఈలోగా పిల్లల్ని వదిలిన తాబేలుది అంతకంటే ఎక్కువే.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఎన్ని తరాలకు, ఎవరితో పోలిస్తే, ఏ చోట, ఏ వయసులో లెక్కపెట్టి అని అడగడం మొదలుపెట్టగానే నిర్వచనాలు దారులు చీలతాయి. ‘ఈ జన్యురూపం ఫిట్‌నెస్ 0.8’ అని రాసి, ఆ నాలుగు ప్రశ్నలకు జవాబివ్వకుండా ముందుకు సాగిపోయే పాఠ్యపుస్తకాలంటే నాకు కొంచెం చిరాకు. అందుకే కింద చాలాచోట్ల ఆ జవాబులే ఉంటాయి.

డార్విన్ చెప్పింది ‘బలవంతుడిదే మనుగడ’ అని కదా?

ఆ నినాదాన్ని (ఇంగ్లీషులో ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’) పుట్టించింది డార్విన్ కాదు. తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడాడు, డార్విన్ తన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ గ్రంథం ఐదో కూర్పులో (1869) దాన్ని చేర్చుకున్నాడు. అందులోనూ బలం ప్రసక్తి లేదు, ఉన్న పరిసరాలకు అమరడమే. కండబలం కొన్ని జంతువులకు కొన్ని సందర్భాల్లో అక్కరకొస్తుంది, అంతే.

బతికినవాటిని యోగ్యమైనవి అంటారు, యోగ్యమైనవి కాబట్టి బతికాయి అంటారు. ఇది చెప్పిందే చెప్పడం కాదా?

తేలిగ్గా తీసిపారేయదగ్గ ఆక్షేపణ కాదిది. ఫిట్‌నెస్ అంటే ‘నిజంగా వదిలిన సంతానం సంఖ్య’ మాత్రమే అయితే ఆక్షేపణ చెల్లుతుంది కూడా. తత్వశాస్త్రంలో బాగా నలిగిన ఉదాహరణ ఒకటుంది: అచ్చుగుద్దినట్టున్న కవలల్లో ఒకరి మీద పిడుగు పడింది, రెండోవారికి పిల్లలు పుట్టారు. ఇద్దరి జన్యువులూ ఒకటే, ఆరోగ్యమూ ఒకటే. పిడుగు తప్పినవారి ఫిట్‌నెస్ ఎక్కువని అనగలమా?

అనలేమన్నారు తత్వవేత్తలు సుసాన్ మిల్స్, జాన్ బీటీ 1979లో. వారి దృష్టిలో ఫిట్‌నెస్ జరిగిపోయిన ఫలితం కాదు, ఫలానా పరిసరాల్లో ఇంత సంతానాన్ని వదిలే మొగ్గు. మనం లెక్కపెట్టిన పిల్లలు ఆ మొగ్గుకు సాక్ష్యం మాత్రమే. సాక్ష్యం తక్కువైతే అంచనా తప్పవచ్చు, అదృష్టం కలిసొస్తే ఎక్కువ చూపవచ్చు.

ఈ తేడా పట్టుకుంటే చెప్పిందే చెప్పడం అన్న మాట నిలవదు. గాలపాగోస్ దీవుల్లో చిన్నదైన డాఫ్నే మేజర్ మీద పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ పిట్టల్ని కొలుస్తూ వచ్చారు. 1977 కరువులో మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి. ముళ్ల కాయల్లో ఉండే గట్టి గింజలే మిగిలాయి. వాటిని పగలగొట్టాలంటే లోతైన ముక్కు కావాలి. ఎవరు బతికారో చూడకముందే, ముక్కు నిర్మాణం తెలిసినవారు ఆ మాట చెప్పగలరు. దాదాపు 1,200 ఉన్న ఆ జాతి పిట్టలు 180కి పడిపోయాయి. మిగిలినవాటి ముక్కు సగటున సుమారు అర మిల్లీమీటరు లోతెక్కువ. 1982–83 ఎల్ నినో వానల తర్వాత చిన్న గింజలు ముంచెత్తితే గాలి ఎదురు తిరిగింది, చిన్న ముక్కుల వైపు మొగ్గింది.

నిరపేక్ష ఫిట్‌నెస్, సాపేక్ష ఫిట్‌నెస్ వేరా?

వేరు. సగటున ఒక్కొక్కటి ఎన్ని పిల్లల్ని వదిలిందో నిరపేక్షం. జనాభా పెరుగుతోందా తరుగుతోందా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. సాపేక్షం అంటే దాన్ని ఒక ప్రమాణంతో భాగించడం. ఆ ప్రమాణం అన్నింటికంటే మెరుగైన జన్యురూపం కావచ్చు, జనాభా సగటు కావచ్చు. పోటీలో ఎవరి వాటా పెరుగుతుందో సాపేక్షమే చెబుతుంది. మొత్తం జాతి అంతరించే దారిలో ఉన్నప్పుడు కూడా అందులో ఒక రకం సాపేక్ష ఫిట్‌నెస్ 1 ఉంటుంది. ఇతరులకంటే నెమ్మదిగా అంతరిస్తోందని దాని అర్థం. మెరుగైనదాన్ని 1గా తీసుకున్నప్పుడు మిగతావాటికి ఉండే లోటునే వరణ గుణకం అంటారు.

పిల్లల్ని ఏ దశలో లెక్కపెట్టాలి?

గుడ్లు లెక్కపెడితే ఒక జవాబు, గూడు విడిచి ఎగిరిన పిల్లల్ని లెక్కపెడితే మరొకటి, మరుసటి ఏడు తిరిగొచ్చి జతకట్టినవాటిని లెక్కపెడితే ఇంకొకటి వస్తాయి. ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న వైథమ్ అడవిలో గ్రేట్ టిట్ పిట్టల గూటిపెట్టెల్ని 1947 నుంచి గమనిస్తున్నారు. ఎక్కువ గుడ్లు పెట్టిన గూళ్లలో పిల్లలు బక్కచిక్కి ఎగురుతాయి, వాటిలో చలికాలం దాటేవి తక్కువ. కాబట్టి గుడ్ల లెక్కలో నెగ్గిన తల్లి, తిరిగొచ్చిన పిల్లల లెక్కలో ఓడిపోవచ్చు.

నియమం ఒకటుంది: ఒక తరం బీజకణం దగ్గర లెక్క మొదలుపెడితే తర్వాతి తరంలోనూ అదే దశ దగ్గర ముగించాలి. పిల్లలు బతకడాన్ని తల్లి ఖాతాలోనూ పిల్లల ఖాతాలోనూ రాస్తే ఒకే పద్దు రెండుసార్లు పడుతుంది. ప్రచురితమైన పరిశోధనల్లోనూ ఈ గందరగోళం కనిపిస్తుంది.

పిల్లలతోనే ఆపితే చాలనుకోవడమూ పొరపాటే. గణాంక, జన్యుశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1930లో మగ–ఆడ నిష్పత్తి గురించి చేసిన వాదమంతా మనవల లెక్క మీదే నిలబడింది. ఆడపిల్లలు ఎక్కువగా పుట్టే జనాభాలో మగపిల్లల్ని కనే తల్లికి పిల్లల సంఖ్యలో ఏ లాభమూ లేదు. ఆ మగపిల్లలకు జతలు ఎక్కువ దొరకడంతో మనవల సంఖ్యలో లాభం తేలుతుంది.

ఎక్కువ పిల్లలా, త్వరగా పిల్లలా?

రెండు రకాల జీవుల్ని ఊహించండి. లైంగికం కాని సంతానోత్పత్తి అనుకుందాం, లెక్క తేలికవుతుంది. మొదటి రకం ఏడాది వయసులో 4 పిల్లల్ని పెట్టి చనిపోతుంది. రెండో రకం రెండేళ్లు ఆగి 8 పెట్టి చనిపోతుంది. జీవితకాల సంతానం చూస్తే రెండోది రెట్టింపు మేలు. రెండేళ్ల తర్వాత చూడండి: మొదటిది 4 నాలుగుల 16 అయింది, రెండోది 8 దగ్గరే ఉంది. త్వరగా పుట్టిన పిల్ల చక్రవడ్డీ లాంటిది, అసలులో కలిసి తానూ పిల్లల్ని పెడుతుంది.

అందుకని ఫిషర్ మాల్తూసియన్ పరామితి అన్న కొలతను ముందుకు తెచ్చాడు: ఏ వయసు దాకా ఎందరు బతుకుతారు, ఏ వయసులో ఎందరిని కంటారు అన్న రెండు పట్టికల నుంచి వచ్చే వృద్ధి రేటు. పై ఉదాహరణలో మొదటి రకానికి ఏడాదికి 1.39, రెండోదానికి 1.04.

అయితే ఇది ఎప్పుడూ సరైన కొలతేనా? కాదు. జనాభా పెరగకుండా, తరగకుండా ఉన్నచోట త్వరపడటానికి ఆ ప్రత్యేక లాభం ఉండదు, అక్కడ జీవితకాల సంతానమే సరిపోతుంది. జనాభా తగ్గుతున్నచోట ఆలస్యంగా కన్నవారికే మొగ్గు. మొత్తం తరుగుతున్నకొద్దీ తర్వాత పుట్టిన ఒక్కో బిడ్డ పెద్ద వాటా అవుతుంది. జనాభా స్థితి చెప్పకుండా ఏ కొలత మేలని అడిగితే జవాబు లేదు.

మంచి ఏడు, చెడ్డ ఏడు మారుతుంటే సగటు తీస్తే సరిపోదా?

సరిపోతుంది. ఏ సగటు అన్నదే ప్రశ్న. ఒక రకం మొక్క వానలు పడిన ఏడు 3 రెట్లవుతుంది, కరువు ఏడు అయిదో వంతుకు (0.2) పడిపోతుంది. మరో రకం మంచి ఏడు 1.3 రెట్లు, చెడ్డ ఏడు 0.9 రెట్లు. అంకమధ్యమం (మామూలు సగటు) చూస్తే మొదటిది 1.6, రెండోది 1.1. మొదటిదే గెలవాలి.

ఇప్పుడు రెండింటివీ వెయ్యేసి విత్తనాలతో మొదలుపెట్టి, అయిదు మంచి ఏళ్లు, అయిదు చెడ్డ ఏళ్లు నడపండి. మొదటి రకం 78 మిగులుతుంది. రెండోది 2,192 అవుతుంది. తరాలు ఒకదాన్నొకటి గుణించుకుంటూ పోతాయి కాబట్టి ఇక్కడ చూడవలసింది గుణమధ్యమం (విలువల్ని కూడే బదులు గుణించి, ఎన్ని ఉన్నాయో అన్నో మూలం తీస్తే వచ్చే సగటు). అది మొదటిదానికి 0.77, రెండోదానికి 1.08. ఒక్క ఏడు సున్నా వచ్చిందంటే మిగతా ఏళ్లు ఎంత బంగారం పండినా మొత్తం సున్నాయే.

ఎడారి ఏకవార్షిక మొక్కలు విత్తనాలన్నింటినీ మొదటి వానకే మొలకెత్తించకుండా కొన్నింటిని నేలలో నిద్రలోనే ఉంచడం ఈ లెక్క వల్లేనని డాన్ కోహెన్ 1966లో గణితంతో చూపాడు. వైథమ్ పిట్టలకూ ఇది వర్తిస్తుంది. సగటు ఏటిలో పన్నెండు గుడ్ల దాకా పెట్టినా లాభమే అనిపిస్తుంది, పిట్టలు మాత్రం ఎనిమిది తొమ్మిదితో ఆగుతాయి. చెడ్డ ఏడు పెద్ద గూళ్లను తుడిచిపెట్టేస్తుంది మరి.

ప్రయోగశాలలో ఎలా కొలుస్తారు?

అన్ని పద్ధతుల్లోకీ శుభ్రమైనది సూక్ష్మజీవుల ముఖాముఖి పోటీ. రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో ఒకే ఈ. కోలి బాక్టీరియా నుంచి 12 జనాభాలు మొదలుపెట్టాడు. ప్రతిరోజూ 0.1 మిల్లీలీటరు తీసి 9.9 మిల్లీలీటర్ల తాజా ద్రవంలో వేస్తారు. నూరోవంతుకు పలచబడిన బాక్టీరియా మళ్లీ నూరు రెట్లు పెరిగేసరికి రోజుకు సుమారు 6.6 తరాలు గడుస్తాయి. 500 తరాలకోసారి నమూనాను ఘనీభవింపజేసి దాస్తారు. కాబట్టి మునిమనవణ్ని, ముత్తాతను ఒకే సీసాలో పోటీకి దించవచ్చు. మరే రంగంలోనూ ఇంత సుఖం లేదు.

ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అరాబినోజ్ అనే చక్కెరను వాడుకోగల రకం, వాడుకోలేని రకం అని రెండు గుర్తులుంటాయి. ప్రత్యేకమైన అగర్ పళ్లెం మీద పరిస్తే వాడుకోలేనిది ఎర్రటి చుక్కగా, వాడుకోగలది తెల్లటి చుక్కగా పెరుగుతుంది. పోటీ జరిగే ద్రవంలో ఆ చక్కెర ఉండదు కాబట్టి గుర్తు వల్ల ఎవరికీ లాభనష్టాలు లేవు. పోటీ మొదలైనప్పుడు ఒకసారి, ఒక రోజు తర్వాత ఒకసారి చుక్కలు లెక్కపెట్టడమే పని.

లెక్క చేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. ఇద్దరూ 50 వంతున మొదలయ్యారు. రోజు తిరిగేసరికి కొత్తది 7,000, పూర్వీకుడు 3,000. అంటే కొత్తది 140 రెట్లు, పాతది 60 రెట్లు పెరిగింది. ఈ రెండు సంఖ్యల సహజ సంవర్గమానాల (నేచురల్ లాగ్‌ల) నిష్పత్తి (4.94 బై 4.09) తీస్తే 1.21. లెన్‌స్కీ బృందం వాడే సాపేక్ష ఫిట్‌నెస్ ఇదే. మరొకరు సంవర్గమానం జోలికి పోకుండా 140ని 60తో భాగించి 2.33 అంటారు. ఇంకొకరు నిష్పత్తి రోజులో ఎంత మారిందో సంవర్గమానంలో తీసి, దాన్ని తరాల సంఖ్యతో భాగించి తరానికి 0.13 అంటారు. ఒకే పళ్లెం, అవే చుక్కలు, మూడు అంకెలు. మూడూ సరైనవే. రెండు పరిశోధనల్లోని ఫిట్‌నెస్ అంకెల్ని పక్కపక్కన పెట్టేముందు ఏ సూత్రంతో తీశారో చూడకపోతే పోల్చినట్టు కాదు.

ఆ ప్రయోగంలో 50,000 తరాల దగ్గర సగటు సాపేక్ష ఫిట్‌నెస్ 1.7 ప్రాంతంలో తేలింది. పెరుగుదల నెమ్మదిస్తోంది గానీ ఆగిన దాఖలా లేదు. అది ఆ సీసాలో, ఆ ఉష్ణోగ్రత దగ్గర, ఆ గ్లూకోజు మోతాదులో ఫిట్‌నెస్. అదే బాక్టీరియాను పేగుల్లో వదిలితే ఏమవుతుందో ఆ అంకె చెప్పదు.

ఇప్పుడు ఈస్టు కణాలకు ఒక్కోదానికి ఒక్కో డీఎన్‌ఏ బార్‌కోడ్ తగిలించి, అయిదు లక్షల వంశాల్ని ఒకే గొట్టంలో గమనించగలుగుతున్నారు. 2015లో వచ్చిన ఒక పరిశోధన ఆ పని చేసి చూపింది.

అడవిలో తిరిగే జంతువుల్లో?

ఓపికతో. స్కాట్లండ్ రమ్ దీవిలో ఎర్ర దుప్పుల్ని ఒక్కొక్కదాన్నీ ఆనవాలు పట్టి, పుట్టుక నుంచి చావు దాకా సంతానాన్ని నమోదు చేస్తున్నారు. దీన్ని జీవితకాల సంతాన సాఫల్యం అంటారు. ఆడవాటి విషయంలో కన్న తల్లి ఎవరో కనిపిస్తుంది. మగవాటి దగ్గరే చిక్కు. 1985 తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు వచ్చేదాకా పక్కన తిరిగే మగదాన్నే తండ్రిగా రాసుకున్నారు. ఆస్ట్రేలియాలోని సూపర్బ్ ఫెయిరీ రెన్ పిట్టల్లో పరీక్షిస్తే, సగానికి చాలా పైగా పిల్లలు గూటి యజమానివి కావని తేలింది. అంతకుముందు తయారైన మగపక్షుల ఫిట్‌నెస్ పట్టికల్లో ఎన్ని చెల్లుతాయో మీరే ఊహించుకోండి.

మొత్తం సంతానం తెలియకపోతే ఒక ముక్కనే కొలుస్తారు. 1898లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో తుపానుకు సొమ్మసిల్లిన 136 పిచ్చుకల్ని హెర్మన్ బంపస్ దగ్గరకు తెచ్చారు. 72 బతికాయి, 64 చనిపోయాయి. ఆయన అన్నింటి కొలతలూ తీసి ప్రచురించాడు కాబట్టి నూరేళ్ల తర్వాత కూడా కొత్త గణాంక పద్ధతుల్ని వాటి మీద పరీక్షించగలిగారు. అయితే అది ఒక తుపాను దాటిన లెక్కే, బతుకంతటి లెక్క కాదు.

ఫిట్‌నెస్ జీవిదా, జన్యువుదా?

ఒక జన్యువు ఫిట్‌నెస్ అంటే దాన్ని మోసే జీవులన్నింటి సగటు. కొడవలి కణ (సికిల్ సెల్) జన్యువు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఒక్క ప్రతి ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ 1954లో ఆఫ్రికాలో చూపాడు. రెండు ప్రతులుంటే తీవ్రమైన జబ్బు. వైద్యం లేని రోజుల్లో రెండు ప్రతులవారికి సంతానం మిగలదనుకుందాం, జనాభాలో ఆ జన్యువు 10 శాతం దగ్గర స్థిరపడిందనుకుందాం. వెనక్కి లెక్కగడితే, ఒక్క ప్రతి ఉన్నవారిని 1గా తీసుకుంటే, అసలు లేనివారి ఫిట్‌నెస్ 0.89 వస్తుంది. దోమలు లేని ఊరికి తరలిస్తే ఈ తేడా మాయమవుతుంది. జన్యువు మారలేదు, అంకె మారింది. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ గిరిజన ప్రాంతాల్లోనూ ఈ జన్యువు ఉంది. అక్కడి కుటుంబాలకు ఇది గణితం కాదు, ఆసుపత్రి మెట్లెక్కడం. 0.89, సున్నా అనే అంకెలు మనుషుల విలువకు కొలతలు కావని వేరే చెప్పనక్కర్లేదు.

జీవి లాభం, జన్యువు లాభం ఎదురుపడే సందర్భాలూ ఉన్నాయి. ఎలుకల్లో ‘టి’ అనే జన్యు సముదాయం ఉంది. దాని ఒక్క ప్రతి ఉన్న మగ ఎలుక నుంచి సగం పిల్లలకు కాక తొంభై శాతానికి పైగా పిల్లలకు అది చేరుతుంది. రెండు ప్రతులుంటే చావు, లేదా మగవాటికి వంధ్యత్వం. మోసేవాణ్ని దెబ్బతీస్తూనే తాను వ్యాపిస్తుంది.

పిల్లలే లేని కూలి తేనెటీగ ఫిట్‌నెస్ సున్నాయేనా?

సొంత పిల్లల లెక్కలో సున్నాయే. విలియం హామిల్టన్ 1964లో బంధువుల్ని లెక్కలోకి తెచ్చాడు. సాయం చేసినందువల్ల బంధువుకు అదనంగా కలిగిన సంతానాన్ని బంధుత్వ భాగంతో గుణిస్తే, అది సాయం చేసినవాడి నష్టం కంటే ఎక్కువైతే ఆ గుణం వ్యాపిస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, బంధువుల పిల్లలందర్నీ తన ఖాతాలో కలిపేసుకోవడం. మీ అక్కయ్యకు ముగ్గురు పిల్లలుంటే మీ లెక్క పెరగదు. మీ సాయం లేకపోతే పుట్టని, బతకని పిల్లలే మీ ఖాతాలోకి వస్తారు. ఇతరుల సాయంతో మీకు కలిగిన పిల్లల్ని మీ ఖాతాలోంచి తీసేయాలి. సాయం లేకపోతే ఏమయ్యేదో కొలవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఈ పద్ధతి అవసరమే లేదని 2010లో మార్టిన్ నోవాక్, కొరినా టార్నిటా, ఇ.ఓ. విల్సన్ రాస్తే, మరుసటేడు 137 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి ఖండించారు. సంతకాల సంఖ్య వాదాన్ని గెలిపించదు గానీ, ఆచరణలో హామిల్టన్ లెక్క వేసిన అంచనాలు, ముఖ్యంగా కీటకాల మగ–ఆడ నిష్పత్తుల విషయంలో, గట్టిగా నిలబడ్డాయని నా అభిప్రాయం.

‘క’ రకం ‘ఖ’ కంటే మేలు, ‘ఖ’ రకం ‘గ’ కంటే మేలు. ‘క’ రకం ‘గ’ కంటే మేలేనా?

కానక్కర్లేదు. కాలిఫోర్నియాలోని ఒక బల్లి జాతిలో మగవాటి గొంతులు మూడు రంగులు. పెద్ద ప్రాంతాన్ని ఆక్రమించే నారింజ గొంతులు నీలి గొంతుల్ని గెలుస్తాయి. తన ఆడదాన్ని కాపలా కాసే నీలి గొంతులు, దొంగచాటుగా జతకట్టే పసుపు గొంతుల్ని గెలుస్తాయి. నారింజవాటి విశాల ప్రాంతంలోకి పసుపువి దూరిపోయి వాటిని ఓడిస్తాయి. ఏది అరుదుగా ఉందో, ఏది మందగా ఉందో దాన్నిబట్టి ప్రతిదాని ఫిట్‌నెస్ మారుతుంది. ఇలాంటిచోట ఫిట్‌నెస్‌ను ఒకే కొలబద్ద మీద గీయడం కుదరదు.

ఎంత చిన్న తేడాను కొలవగలం?

పెద్ద తేడాలు చరిత్ర నుంచే బయటపడతాయి. మాంచెస్టర్ ప్రాంతంలో నల్ల రంగు మిరియాల చిమ్మట (పెప్పర్డ్ మాత్) మొదటిసారి 1848లో నమోదైంది, శతాబ్దం చివరికి దాదాపు అన్నీ నల్లవే. ఇంత వేగంగా మారాలంటే నల్లవి సుమారు ఒకటిన్నర రెట్లు సంతానం వదలాలని జె.బి.ఎస్. హాల్డేన్ 1924లో లెక్కగట్టాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురానికి చెందిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే.

చిన్న తేడాల దగ్గర మన చేతులు చాలవు. వెయ్యింట ఒక వంతు లాభాన్ని పిట్టల్లో కొలవాలంటే ఏ అడవీ సరిపోదు. జనాభా పది లక్షలుంటే ప్రకృతి వరణం మాత్రం ఆ తేడాను పట్టేసుకుంటుంది. జనాభా కొన్ని వందలే అయితే అదే తేడా యాదృచ్ఛికతలో కొట్టుకుపోతుంది. వరణ గుణకం జనాభా ప్రభావక పరిమాణానికి (స్థూలంగా, నిజంగా సంతానాన్ని వదిలే జీవుల సంఖ్యకు) రెట్టింపుతో ఒకటిని భాగిస్తే వచ్చేదానికంటే బాగా చిన్నదైతే ఆ జన్యువును తటస్థమనే పరిగణిస్తారు.

మనుషుల్లో కొలిచారా?

కొలిచారు, చర్చి రికార్డులతో. పారిశ్రామిక యుగానికి ముందటి ఫిన్లాండ్, కెనడా కుటుంబాల పుట్టుక, పెళ్లి, చావు వివరాలతో 2004లో ఒక పరిశోధన వచ్చింది. యాభై దాటి బతికిన ప్రతి పదేళ్లకు ఒక స్త్రీకి సగటున ఇద్దరు మనవలు అదనంగా ఉన్నట్టు తేలింది. ఆ వయసులో ఆమె కొత్తగా పిల్లల్ని కనదు. జీవితకాల సంతానం పట్టికలో ఆ పదేళ్లు ఖాళీ గళ్లే.